బాత్రూమ్ పైపుకి రేసింగ్ యోగం

మా బావమరిది కారుకి ఊపిరాడడం లేదట. ఏదో వీడియోలో చూసి కనిపెట్టాడు. కారు ఆల్టో 800. మూడు సిలిండర్లు, 796 సీసీ, కాగితం మీద 47 గుర్రాలు. ఆ గుర్రాలన్నీ రోజూ మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా ఆర్టీసీ బస్సు వెనకాల ఈసురోమంటూ నడుస్తాయి. వాటికి గాలి చాలడం లేదు!

ఆ ఇంజిన్ ప్రాణం పెట్టి 6000 ఆర్‌పీఎం తిరిగినా నిమిషానికి పీల్చేది 2000 లీటర్లకి కాస్త అటూ ఇటూ. గాలిని వడకట్టి ఇంజిన్‌కి పంపే కంపెనీవాడి నల్ల డబ్బాకి అదేం లెక్క కాదు. మావాడు దాన్ని పీకి పక్కన పడేశాడు. దాని బదులు శానిటరీ షాపు నుంచి మూడంగుళాల పీవీసీ పైపు, ఎల్బోలు, సొల్యూషన్ డబ్బా వచ్చాయి. ఎల్బో ఇమడని చోట పైపుని మా అత్తగారి గ్యాస్ స్టౌ మీద కాల్చి వంచాడు. ఆ పూట సాంబారులో వచ్చిన వాసనని కొత్తరకం ఇంగువ అనుకుని మామగారు మారు వడ్డించుకున్నారు.

సెల్లార్‌లో ప్రారంభోత్సవం. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి యాక్సిలరేటర్ తొక్కాడు. జలుబు చేసిన ఎద్దు బిందెలో తల పెట్టి రంకె వేసినట్టు ఒకటే బొంగురు గోల. వాచ్‌మన్ కుక్క గేటు దాటి పోయింది. "ఆవిరి పట్టండర్రా దానికి" అన్నారు మామగారు.

"చూశావా బావా, పవర్!"

ఆ డబ్బాలోని బోలు గదులు ఇన్నాళ్లూ మింగిన చప్పుడే అది. కొత్తగా గుర్రం కాదు కదా, గాడిద పిల్ల కూడా పుట్టలేదు.

చల్లగాలి కోసమని పైపు మూతిని బంపర్ వెనక, నేలకి జానెడు ఎత్తులో పెట్టాడు. "వానొస్తే నీళ్లు తాగుతది సార్" అని మలుపులో షెడ్డు మెకానిక్ భాయ్ ముందే చెప్పాడు. మావాడు నవ్వాడు. మొదటి వానకే మైత్రీవనం దగ్గర కారు కడుపునిండా తాగి పడుకుంది. ఇంజిన్ గాలినైతే నొక్కగలదు గానీ నీళ్లని నొక్కలేదుగా! భాయ్ వానలోనే వచ్చి, మూడు ప్లగ్గులూ విప్పి సెల్ఫ్ కొట్టించాడు. మూడు బొక్కల్లోంచీ చిచ్చుబుడ్డిలా నీళ్లు ఎగిరాయి. "ఇంజిన్ల రాడ్డు వంగలే, నసీబు" అని 800 అడిగాడు.

"500 చేస్కో భాయ్" అన్నాడు మావాడు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఎర్రరంగు గాలి ఫిల్టరుకి ఆన్‌లైన్‌లో 4000 పోసినప్పుడు వీడి నోరు లేవలేదే? చప్పుడు విని జబ్బు చెప్పే మనిషి మోకాలి లోతు మురికినీళ్లలో వంగి పనిచేస్తే, అక్కడ గుర్తొచ్చిందా పొదుపు? చెప్పినప్పుడు వినవు, బాగుచేస్తే ఇవ్వవు! చేతికి మసి ఉంటే బేరం, పెట్టె మీద ఇంగ్లీషు ఉంటే దండమా? సిగ్గులేని జన్మ.

మిగతా 300 నేనిచ్చాను.

ఇప్పుడు సైలెన్సర్ మారుస్తాడట. పైపు ఇంకా మీటరున్నర మిగిలిందట.