అది ప్రైమర్ కాదు మహాప్రభో!

పొద్దున సిగ్నల్ దగ్గర ఆగాను. పక్కన తళతళలాడే కొత్త కారు ఒకటి వచ్చి ఆగింది. అందులోని పెద్దమనిషి అద్దం దించి, నా పాత పికప్‌ను ముందు నుంచి వెనక దాకా తేరిపార చూసి, "ఇంకా ప్రైమర్ మీదే తిప్పుతున్నారా? రంగెప్పుడు వేయిస్తారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పచ్చ దీపం వెలిగింది. ఆయన చక్కా పోయాడు. నా వెనక హారన్ల మోత. చెప్పాల్సిన జవాబు నోట్లోనే ఉండిపోయింది. అప్పటి నుంచి కడుపు ఉడికిపోతోంది. ఆయనకు చెప్పలేనిది మీకు చెబుతాను, భరించండి.

అయ్యా, అది ప్రైమర్ కాదు, అంటే రంగుకు ముందు వేసే అడుగు పూత కాదు. రంగే. ముదురు బూడిద రంగులో కొంచెం నీలం కలిపించి, ఏరికోరి వేయించుకున్న, మెరుపు తక్కువగా ఉండే శాటిన్ ఫినిష్. అడుగున రేకును అంటిపెట్టుకుని ఎపాక్సీ ప్రైమర్ ఉంది. దాని మీద రుద్ది చదును చేసిన ఫిల్లర్ ప్రైమర్, ఆపైన రంగునిచ్చే బేస్ కోటు, అన్నింటికీ పైన రంగులేని క్లియర్ కోటు ఉన్నాయి. మీ కొత్త కారు మీద లేని అవమానకరమైన పొర ఏదీ నా బండి మీద లేదు. తేడా అంతా ఆ చిట్టచివరి పూతలోనే ఉంది. దాని మందం యాభై మైక్రాన్లు ఉంటే గొప్ప, అంటే తలవెంట్రుక కన్నా సన్నం. వెంట్రుకవాసి పూత మెరవలేదని కింద చేసిన చాకిరీ అంతా జరగనట్టేనా?

అసలు ప్రైమర్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఆ మాట అనరు. రుద్దడానికి వీలుగా ఉండాలని ఫిల్లర్ ప్రైమర్‌లో టాల్క్ లాంటి పొడులు దట్టిస్తారు. ఆరాక కూడా అది తేమను పీలుస్తుంది. దాని మీదే వానలో తిప్పితే నీరు రేకు దాకా దిగి, పైకి ఏమీ కనిపించకుండానే తుప్పు లోపల కాపురం పెడుతుంది. ఎపాక్సీ నీటిని ఆపుతుంది కానీ ఎండకు తట్టుకోలేదు, సుద్ద పట్టిపోతుంది. అంటే ప్రైమర్ మీద ఏళ్ల తరబడి బండి తిప్పేవాడు బండిని చేజేతులా చంపుకుంటున్నట్టు లెక్క. ఆ పెద్దమనిషి దారిన పోతూ పోతూ నన్ను ఆ జాబితాలో చేర్చిపోయాడు! రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా కుర్రాళ్లు పాత కార్లను కోసి, అతికి, రంగుకు డబ్బులు చాలక ప్రైమర్ మీదే తిప్పుకున్నారు. సరే, వాళ్ల దగ్గర లేవు కనుక తిప్పారు. డబ్బుండి అదే అవతారం కట్టినవాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

మెరుపు కొలవడానికి ఒక మీటరు ఉంది, తెలుసా? మామూలుగా అరవై డిగ్రీల కోణంలో కాంతి పంపి ఎంత తిరిగి వచ్చిందో చూస్తుంది. పాలిష్ చేసిన నల్ల గాజుకు 100 మార్కులు. బాగా మెరిసే గ్లాసీ కారుకు తొంభై దాకా వస్తాయి. శాటిన్‌కు సుమారు ముప్పై. దాదాపు మెరవని మ్యాట్‌కు పది కూడా దాటవు. ఎక్కువ మార్కులు వచ్చినవాడే గొప్పవాడు అనుకునే బుద్ధిని మనవాళ్లు బడిలో వదిలేసి రావాల్సింది, ఇంటికి తెచ్చుకున్నారు.

నా బండి పైకప్పును కోసి, కిందికి దించి, మళ్లీ వెల్డింగ్ చేశారు. పాత పల్చటి రేకును అంత వేడి చేస్తే అది ఊరుకుంటుందా? ఒకచోట ముడుచుకుంటుంది, ఇంకోచోట ఉబ్బుతుంది. సుత్తి, దాకలి పట్టుకుని దారికి తెస్తారు. మిగిలిన ఎగుడుదిగుళ్లకు లప్పం పెడతారు. నల్లపొడి పూసి, పొడవాటి పట్టీకి ఎమరీ కాగితం చుట్టి రుద్దుతారు. మెట్టగా ఉన్నచోట పొడి పోతుంది, పల్లంలో నలుపు మిగులుతుంది. మళ్లీ లప్పం, మళ్లీ రుద్దుడు. గరుకైన 80 నంబరు కాగితంతో మొదలై, నునుపు పెరిగే కొద్దీ 180, 320 దాటుకుని 600 దాకా పోవాలి. ఈ లోపల భుజాలు పడిపోతాయి. అంతా అయ్యాక అరచేత్తో తడిమితే ఏమీ తగలదు, పని అయిపోయిందని సంబరపడతాం. అప్పుడు దాని మీద ముదురు గ్లాసీ రంగు కొట్టి ట్యూబ్‌లైటు కింద నిలబెట్టండి. తిన్నగా ఉండాల్సిన ట్యూబ్‌లైటు నీడ పైకప్పు మీద పాములా మెలికలు తిరుగుతుంది. అరచేతికి దొరకని ప్రతి వంపునూ ఆ మెరుపు పట్టి ఇస్తుంది. అక్కడితో అయిపోదు. నాలుగు ఎండలు తగిలాక అతుకు దగ్గర లప్పం కాస్త కుంగి, వెల్డింగ్ గీత నెమ్మదిగా పైకి తేలుతుంది. నలుపైతే మరీ దారుణం, మైలు దూరం నుంచి కనిపిస్తుంది.

శాటిన్ కాంతిని చెదరగొడుతుంది. కంటికి ట్యూబ్‌లైటు బదులు బండి ఆకారం కనిపిస్తుంది. మడ్‌గార్డు గుండ్రం, డోరు మీది మడత, కోసి దించిన ఆ పైకప్పు వాలు, నేను ఇష్టపడి కట్టించుకున్నవి అవి. వాటిని చూడమని బండి చేయించాను. అందులో ముఖం చూసుకోవడానికి ఇంట్లో అద్దం ఉంది.

"ఓహో, ఖర్చు తగ్గించుకున్నారన్నమాట" అనేది రెండో బాణం. ఇది మరీ మంట. గ్లాసీ క్లియర్ మీద దుమ్ము పడితే, నారింజ తొక్కలా గరుకు తేలితే, ఆరాక 1500, 2000 కాగితంతో నీళ్లు పోసి రుద్ది, బఫింగ్ చేసి దిద్దుకోవచ్చు. పెయింటరు చేసిన తప్పుల్లో సగం పాలిష్ డబ్బాలో కొట్టుకుపోతాయి. శాటిన్‌కు ఆ క్షమాభిక్ష లేదు. మెరుపును చంపడానికి క్లియర్‌లో సిలికా పొడి కలుపుతారు. పై తలం కంటికి కనిపించనంత గరుకుగా ఉండబట్టే అది మెరవదు. దాన్ని రుద్దారా, ఆ గరుకు అరిగి, రుద్దినచోట మాత్రం నిగనిగలాడుతూ మచ్చ మిగులుతుంది. తీసేవాడు లేడు. రంగు చల్లే గన్ను ఒకచోట నెమ్మదిగా నడిచి ఒకచోట వేగంగా నడిచినా, ఒక వరస మీద ఇంకో వరస సరిగా పడకపోయినా బానెట్ మీద చారలే. చిన్న ఈగ వాలి అంటుకుపోతే మొత్తం బానెట్ మళ్లీ కొట్టాల్సిందే. చేయి తిరిగిన పెయింటరు కూడా శాటిన్ అనగానే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇది పిసినారి పనట!

మా బావగారిది ఇంకో పాట. ఆయన ఎప్పుడు చూసినా క్యాండీ ఎరుపు అంటారు. అడుగున వెండి రంగో బంగారు రంగో కొట్టి, దాని మీద పారదర్శకమైన ఎరుపును పొరలు పొరలుగా కొడుతూ పోవడం. అందంగా ఉంటుంది, నేను కాదనను. ఎండలో చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ పొర పెరిగిన కొద్దీ రంగు ముదురుతుంది. రేపు ఎవడో మడ్‌గార్డుకు బైకు రాసి పోయాడనుకోండి, అన్నే పొరలు, అంతే మందంతో మళ్లీ కొట్టి పక్క డోరుతో కలపగలిగే మొనగాడెవరు? నేను ఈ బండి తొట్టిలో ఇసుక వేస్తాను, మంచం వేస్తాను, బావగారి ఇల్లు మారినప్పుడు బావగారి బీరువా కూడా ఇందులోనే వెళ్లింది. వెనక తలుపు మీద ఆ బీరువా కాలు గీసిన గీత ఇప్పటికీ ఉంది. ఆ సంగతి ఆయన ఎత్తరు.

ఇక "అసలు ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి" అనే శుద్ధవాదులు. వీళ్లకు చరిత్ర అంటే బ్రోచర్‌లో రంగు పేరు. బాబూ, ఫోర్డ్ కంపెనీ 1925లో మోడల్ టీ రనబౌట్ అనే చిన్న కారుకు వెనక తొట్టి పెట్టి, ఫ్యాక్టరీ నుంచే పికప్‌గా అమ్మడం మొదలుపెట్టింది. ఎందుకు? ఊరేగింపుకా? బరువులు మోయడానికి. 1914 నుంచి 1925 దాకా ఆ మోడల్ టీలన్నీ నలుపే. చూడచక్కగా ఉందని కాదు, పని తొందరగా, చవకగా తెమలడానికి. 1923లో డ్యూపాంట్ వాళ్ల డ్యూకో లాకర్ అనే త్వరగా ఆరే రంగు వచ్చి, మరుసటి ఏడాదికి ఓక్లాండ్ కార్లు దాని నీలం రంగు వేసుకుని వచ్చాయి. అంతకుముందు కారుకు నలుపు కాని రంగు వేసి ఆరబెట్టడానికే వారాలు పట్టేది. అంటే ఎప్పటి పనిమంతులు అప్పటి అవసరానికి తగిన రంగు వాడుకున్నారు. నేను వాడుకుంటే మాత్రం అపచారం. ఈ బండి చెట్టు కింద తుప్పు పడుతూ, సీటులో ఎలుకలు పిల్లలు పెడుతూ ఉన్నన్నాళ్లు ఈ శుద్ధవాదుల్లో ఒక్కడైనా వచ్చి టార్పాలిన్ కప్పాడా? పైకప్పు కోశాక మాత్రం పరామర్శకు వరస కట్టారు.

వీళ్లకు పూర్తిగా ఎదురు గుంపు ఇంకొకటి ఉంది, ఇందాక వాయిదా వేసింది. దొంగ తుప్పు! నిజమైన పాత రంగు అరిగి, కింద పొర తొంగిచూస్తూ ఉంటే దాన్ని అలాగే కాపాడుకునేవాళ్లంటే నాకు గౌరవమే. డెబ్బై ఏళ్లు ఎండకు మాడితే వచ్చే కళ అది. కానీ బాగున్న రేకు మీద ఉప్పునీళ్లు చల్లి, స్పాంజితో గోధుమ మరకలు అద్ది, డోరు మీద ఎన్నడూ లేని వర్క్‌షాపు పేరు రాయించి, దాన్ని మళ్లీ కాగితంతో గీకించి, పైన క్లియర్ కొట్టించుకునేవాళ్లను ఏమనాలి? ఆ తుప్పును ఉడికించిన అవిసె నూనెతో తుడిచి ముచ్చట పడతారు కూడా. ఆ నూనె జిగటకు దారిలోని దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది. అతుక్కోనీ. నా శాటిన్‌ను చూసి "అసంపూర్తిగా ఉంది" అన్నవాళ్లే ఆ దొంగ తుప్పు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఎక్కడ చెప్పుకోవాలి?

రంగు అంటే పై మెరుపే అనుకునే ఈ జనం ఉండబట్టే కదా, మొదట నా బండిని నాశనం చేసిన ఆ షెడ్డువాడు ఇంకా హాయిగా బతుకుతున్నాడు! పేరు చెప్పను. బండి ఇచ్చేటప్పుడు చిలక్కి చెప్పినట్టు చెప్పాను: డోరు పిడులు విప్పండి, అద్దాల రబ్బర్లు తీయండి, ముందున్న పేరు అక్షరాలు ఊడదీయండి అని. "అన్నీ తీసేస్తాం సార్, మాకు చెప్పాలా" అన్నాడు. తిరిగి తెచ్చుకున్న రోజు ఎండలో అది నిజంగానే ధగధగలాడింది. చూసినవాళ్లంతా ఆహా ఓహో అన్నారు. నేను వంగి డోరు పిడి చుట్టూ చూశాను. టేపు వేసిన అంచు గట్టులా నిలబడి ఉంది. గోరు పెట్టి లేపితే గోరుతోపాటు రంగు పేలికలా లేచి వచ్చింది, దాని కింద పాత రంగు నిగనిగలాడుతోంది. అంటే అక్కడ కనీసం గరుకు కాగితం కూడా పెట్టలేదు. అద్దాల రబ్బరు అంచున బూడిద పొగ పట్టినట్టు రంగు. తొట్టిలో నేను స్వయంగా వార్నిష్ వేసిన ఓక్ పలకల మీద రంగు తుంపర్లు. మీటరు అద్దం మీద కూడా! డాష్‌బోర్డు లోపల ఉన్న మీటరు మీదికి ఎలా వెళ్లిందని అడిగితే, "తుడిస్తే పోతుంది సార్" అన్నాడు. బానెట్ నిండా సూదిమొన గుంటలు. సిలికాన్ తగిలితే అలా వస్తాయి. తర్వాత తెలిసింది, పక్కనే వాడి కుర్రాడు ఇంకో కారు టైర్లకు మెరుపు స్ప్రే కొడుతున్నాడట. ఎవరిదయ్యా తప్పు అంటే గాలిది అన్నాడు.

పాపం ఆ కుర్రాడి ముక్కుకు కట్టుకోవడానికి చేతిరుమాలు తప్ప మాస్కు లేదు. రంగు గట్టిపడటానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, పీల్చిపీల్చి ఉబ్బసం పట్టుకుంటే జీవితాంతం వదలదు. అది అడిగినందుకు కూడా వాడు నన్ను వింతగా చూశాడు. ఆ షెడ్డు గోడ మీద మాత్రం పెద్ద అక్షరాలతో "అద్దంలాంటి ఫినిష్" అని రాసి ఉంటుంది.

అందుకే ఈసారి పెయింటరును వెతికేటప్పుడు నేను బానెట్ల వైపు చూడలేదు. చేసిన బండ్ల డోర్లు తెరిపించి, లోపలి అంచులు, బిజాగరీల వెనక భాగం, రబ్బరు కిందివైపు చూశాను. అక్కడ ఎవడి పని శుభ్రంగా ఉందో వాడికే ఇచ్చాను. చిన్న రేకు ముక్క మీద మూడు రకాల మెరుపు కొట్టించి, ఎండలో, నీడలో, సాయంత్రం దీపం కింద పెట్టి చూసుకుని మరీ ఎంచుకున్నాను. ఆ సిగ్నల్ పెద్దమనిషి మూడు సెకన్లలో తేల్చేశాడు.

"దానికంటే ర్యాప్ స్టిక్కర్ వేయించుకోకపోయారా" అని రాయడానికి ఇప్పటికే కొందరి వేళ్లు దురద పెడుతూ ఉంటాయి. స్టిక్కర్ అతకాలంటే కింద నున్నటి, గట్టి రంగు ఉండాలి. తుప్పు మీద, ప్రైమర్ మీద అది నిలవదు, ఎండకు అంచులు లేస్తాయి, కింద ఇసుక రేణువు ఉంటే అదీ పైకి పొడుచుకొస్తుంది. అంటే రంగు పనంతా చేయించి, ఆపైన దాన్ని కప్పెట్టమని మీ సలహా. ఇంకొందరు పార్కింగ్‌లో వచ్చి అరచేత్తో రుద్ది "నిజంగానే రంగేనా" అని పరీక్షిస్తారు. చేతి జిడ్డు శాటిన్ మీద మచ్చలా పడుతుంది. మైనం పెట్టి తుడిచేద్దామంటే మచ్చ ఇంకా పెద్దదవుతుంది, సబ్బు నీళ్లతో మెత్తగా కడిగే పని నాకు పడుతుంది. కళ్లతో చూడండి చాలు.

బావగారూ, మీరు మళ్లీ పంపిన క్యాండీ ఎరుపు షేడ్ కార్డు అందింది. వద్దు.