చెల్లెలి సంతకం ఒక్కటే మిగిలిందట

"అంతా అయిపోయిందండీ, చెల్లెలి సంతకం ఒక్కటే మిగిలింది. డిసెంబర్‌లో వెళ్ళినప్పుడు పెట్టించుకుని వస్తా." మన వీకెండ్ భోజనాల దగ్గర ఈమధ్య ఈ మాట తరచూ వినిపిస్తోంది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కాదు. ఊళ్ళో గుడికి విరాళాలిస్తారు, బడికి కంప్యూటర్లు కొనిపెడతారు. ఆ సంతకంతో చెల్లెలు ఏం వదులుకుంటోందని అడిగితే మాత్రం మాట క్రికెట్ మీదికి మళ్ళిపోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇక్కడ అమెరికాలో స్థిరపడిన మనకు ఊళ్ళో ఉన్న తోబుట్టువుని పొలంలో వాటా వదులుకోమని అడిగే మొహం లేదు. ఎవరో ఒకరు వదులుకోక తప్పకపోతే ముందు మనమే వదులుకోవాలి.

మా అమ్మ పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. కాలవ కింద మాగాణి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక ఆ వైపు నేలలకు నికరమైన నీళ్ళు వచ్చాయి, తాతల నాటి పొలానికి విలువ వచ్చింది అప్పుడే. మా తాతయ్య నాటికి అది 28 ఎకరాలు. వరి కోతకు నాలుగు రోజుల ముందు చేలో మినుము చల్లేవారు. వరి కోసేశాక మోళ్ళ మధ్య, నేలలో మిగిలిన తేమతోనే ఆ పంట వచ్చేది. మినుము పీకడం, కళ్ళంలో ఆరబెట్టడం, విత్తనానికి బూడిద పట్టించి కుండల్లో దాచడం అమ్మా పిన్నీ చేసిన పనులు. తర్వాత పల్లాకు తెగులు దెబ్బకి చాలామంది మినుము మానేసి మొక్కజొన్నకు మారారు, మావాళ్ళూ మారారు. చిన్న మామయ్య చదువు పేరుతో గుంటూరు హాస్టల్లో ఉండి, 1982లో అమెరికా వచ్చేశాడు. ఆయనకి మినుము చేలోకి దిగిన అనుభవం ఎంతో నాకు తెలీదు గానీ, అమ్మకున్నంత లేదని మాత్రం తెలుసు. ఈ పత్రిక ఆయన ఇంటికీ వస్తుంది. చదివి ఫోన్ చేస్తాడనే ఆశతోనే రాస్తున్నాను.

ఆ పొలం మీద తగాదాకు బీజం పడింది భూసంస్కరణల రోజుల్లో. 1973 సీలింగ్ చట్టం ప్రకారం ఒక కుటుంబం ఉంచుకోగలిగింది నేల తరగతిని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54. మేజరైన కొడుకుని వేరే యూనిట్‌గా లెక్కేస్తారు. అందుకని చాలా ఊళ్ళల్లో జరిగినట్టే మా తాతయ్య కూడా పొలాన్ని తనకీ ఇద్దరు కొడుకులకీ మూడు భాగాలు చేసి తెల్లకాగితం మీద పంపకం రాయించాడు. పంపకమంతా కాగితం మీదే. దున్నకం ఒకటే, గాదె ఒకటే, పెత్తనం ఆయనదే. సర్కారుకు చూపించడానికి రాసుకున్న ఆ కాగితాన్నే తర్వాత ఆడపిల్లలకు చూపించారు. "నాన్నగారు ఎప్పుడో పంచేశారు కదమ్మా!"

ఎన్టీఆర్ ప్రభుత్వం కూతుళ్ళకు పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు కల్పించినప్పుడు దేశమంతా మనవైపు చూసిన మాట నిజం. కానీ ఆ చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించలేదు. పిన్ని పెళ్ళి 1983లో. రెండేళ్ళ తేడాలో పోయింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళి షరతు లేకుండా అందరు కూతుళ్ళకూ హక్కు ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదనీ, నోటిమాట పంపకాలను తేలిగ్గా నమ్మకూడదనీ 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇవన్నీ పక్కన పెట్టండి. ఆ కాగితం పంపకం నిజమే అనుకున్నా, 1994లో పోయిన తాతయ్య వీలునామా రాయలేదు. ఆయన భాగంలో భార్యతో, కొడుకులతో పాటు కూతుళ్ళకూ సమాన వాటా 1956 నాటి ఆ అసలు చట్టంలోనే ఉంది. అది అమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళే పాస్‌బుక్కులు చేయించుకున్నారు.

"కట్నం ఇచ్చాం కదా" అనేది అందరి దగ్గరా ఉండే జవాబు. పిన్నికి ఇచ్చిన కట్నం ఎంతో మావాళ్ళకు రూపాయలతో సహా గుర్తుంది. చిన్న మామయ్య చదువుకు, అమెరికా టికెట్‌కు అమ్మిన రెండెకరాలు మాత్రం ఎవరి ఖాతాలోనూ లేవు. ఆడపిల్లకు పెట్టింది వాటా కింద జమ, మగపిల్లాడికి పెట్టింది కుటుంబ గౌరవం కింద ఖర్చు. మన ఎమ్మెస్ ఫీజులు, బ్యాంకు లోనుకి తాకట్టు పెట్టిన ఇళ్ళు ఈ లెక్కలో ఎక్కడ రాస్తున్నామో ఎవరికి వాళ్ళు చూసుకోవాలి.

అమ్మకు పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తున్నామని పెళ్ళి పీటల దగ్గర నలుగురిలో చెప్పారు. రిజిస్ట్రేషన్ లేదు. ఏటా సంక్రాంతికి ముందు రెండు బస్తాల బియ్యం, ఒక మూట మినుములు మా ఇంటికి వచ్చేవి. కొత్త రాజధాని ఖాయమై గుంటూరు జిల్లాలో ధరలు లేచాక అవి ఆగిపోయాయి. పంపుతూ ఉంటే అది ఆమె పొలమని ఒప్పుకున్నట్టవుతుందని ఎవరో సలహా ఇచ్చారట.

మరి అమ్మ ఎందుకు అడగలేదు? మా అక్క పెళ్ళిలో పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తీసుకురావాల్సింది మేనమామ. పొలం అడిగితే మేనమామ రాడు. అమ్మ ఎకరాన్ని ఒకవైపు, గంపని ఒకవైపు పెట్టి చూసుకుంది. మనవాళ్ళు "మా చెల్లెలు సంతోషంగా సంతకం పెట్టింది" అంటారే, ఆ సంతోషంలో పుట్టిల్లు పోతుందన్న టెన్షన్ ఎంతుందో వాళ్ళు చూడరు.

నెల్లూరు తులసమ్మ గారు మాత్రం వెనకడుగు వేయలేదు. భర్త 1931లో పోయారు. మనోవర్తి కోసం 1944లో మున్సిఫ్ కోర్టుకెక్కారు. 1949 రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు, బతికినన్నాళ్ళు అనుభవించాలి, అమ్మకూడదన్న షరతుతో. 1956 చట్టం వచ్చాక ఆమె అందులో కొంత అమ్మితే భర్త సవతి సోదరుడు దావా వేశారు. హైకోర్టులో తులసమ్మ గారు ఓడిపోయారు. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమెను పూర్తి హక్కుదారుగా ప్రకటించింది. హిందూ స్త్రీల ఆస్తి విషయంలో దేశమంతటా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది. ముప్ఫై మూడేళ్ళు పట్టింది, అంత ఓపిక మా అమ్మకు లేదు.

ఊళ్ళో ఉండిపోయిన పెద్ద మామయ్య సంగతి వేరు. అమ్మమ్మ మంచాన పడ్డప్పుడు చూసిందీ, తుఫానుకి పడిపోయిన వరిని నీళ్ళలో దిగి కట్టలు కట్టించిందీ ఆయనే. సమాన వాటా అంటే ఆయనకు మండుతుంది, ఆ మంటలో న్యాయం ఉంది. కానీ ఆయనకు ఎక్కువ రావాలంటే అది చిన్న మామయ్య భాగంలోంచి రావాలి. అమ్మ, పిన్నుల భాగంలోంచి ఎందుకు?

"చెల్లెలి వాటా నేనే కొనేస్తా" అనేవాళ్ళకు ఒక మాట. ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం) నిబంధనల ప్రకారం ఎన్నారైలమైన మనకు వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు గానీ, కొనడానికీ గిఫ్టుగా పుచ్చుకోవడానికీ వీల్లేదు. అమ్మితే ఇండియాలో ఉంటున్న భారతీయుడికే అమ్మాలి. అందుకే కొనుగోలు మాట పక్కకి పోయి, "హక్కు విడుదల" దస్తావేజు మీద సంతకం అడగడం మొదలవుతుంది. పైసా ఇవ్వకుండా పని జరిగిపోతుంది కదా.

మన మహాసభల్లో హైదరాబాద్ విల్లాల స్టాళ్ళు ఎన్నో పెడతాం. ఈసారి అక్కడే ఒక గది తీసుకుని, ఒక లాయర్ని పిలిచి, ఊళ్ళో ఉన్న అక్కచెల్లెళ్ళను వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, తల్లిదండ్రులు ఉండగానే రిజిస్టర్డ్ పంపకాలు ఎలా చేసుకోవాలో మాట్లాడదాం. కమిటీ ఒప్పుకుంటే పని నేను చూసుకుంటాను. చిన్న మామయ్యను తీసుకొచ్చే పూచీ కూడా నాదే.