కౌన్సిల్‌కు సాయపడిన నా ఓటు

ఓటు కాగితం చేతికి తీసుకుని ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మేం అద్దెకుంటున్న ఈ ఇంగ్లండ్ చిన్న ఊళ్లో, 2024లో ఒక గురువారం, నైబర్‌హుడ్ ప్లాన్ మీద, అంటే ఊళ్లో కట్టడాలు ఎలా ఉండాలో ఊరివాళ్లే రాసుకున్న ప్లాన్ మీద, రెఫరెండం. ప్రశ్న ఒక్కటే. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘ఈ ప్రాంతంలో ప్లానింగ్ దరఖాస్తుల మీద నిర్ణయం తీసుకోవడంలో సాయపడేందుకు ఈ నైబర్‌హుడ్ ప్లాన్‌ను జిల్లా కౌన్సిల్ వాడుకోవాలని మీరు కోరుకుంటున్నారా?’ అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి.

సాయపడేందుకట! నిర్ణయించేందుకు కాదు. కౌన్సిల్ పాపం ఏదో బరువు మోస్తూ మెట్లెక్కుతుంటే మనం వెనక నుంచి ఒక చెయ్యి వెయ్యాలి.

ఈ ప్రశ్న మా ఊరివాళ్ల సొంత తెలివి అనుకునేరు. దేశమంతా ఇదే ప్రశ్న. రెఫరెండం నిబంధనల్లోనే అచ్చేసి ఉంది. పెళ్లి కార్డుల షాపులో నమూనా కార్డు తీసి వధూవరుల పేర్లు మార్చినట్టు, ఊరి పేరు, కౌన్సిల్ పేరు నింపుకోవడమే మిగిలిన పని. ప్రజాస్వామ్యాన్ని ఇంత పొదుపుగా వాడే జాతి ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

దీనికంతటికీ మూలం 2011 నాటి లోకలిజం చట్టం. ఊరి భవిష్యత్తు ఊరివాళ్ల చేతికే ఇచ్చేస్తున్నాం అన్నారు. 2013 మార్చిలో కుంబ్రియాలోని అప్పర్ ఈడెన్ అనే కొండప్రాంతం అందరికంటే ముందు ఓటేసి మురిసిపోయింది. ఆ తరవాత వెయ్యికి పైగా ఊళ్లూ పేటలూ అదే దారి పట్టాయి. మామూలుగా మూడోవంతు మంది ఓటుకొస్తారు. వచ్చినవాళ్లలో పదికి తొమ్మిదిమంది దాకా అవునంటారు. కనీసం ఇంతమంది రావాలన్న రూలేమీ లేదు. ముగ్గురే వచ్చి ఇద్దరు అవునన్నా ఊరు అవునన్నట్టే. 2016లో డెర్బీషైర్‌లోని స్వాన్విక్ అనే ఊరు కాదు అంది. ‘కాదు’ గడి కూడా పనిచేస్తుందని లోకానికి అప్పుడు తెలిసింది.

ఓటు దాకా రావడానికి పట్టే కాలం గురించి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. పారిష్ కౌన్సిల్, అంటే మన పంచాయతీ లాంటిది, పూనుకోవాలి. పారిష్ లేని చోట కనీసం ఇరవై ఒక్క మందితో ఫోరం కట్టాలి. ముసాయిదా రాయాలి, ఆరు వారాలు అభిప్రాయాలు అడగాలి. దాన్ని దిద్ది జిల్లా కౌన్సిల్‌కిస్తే, ఆ కౌన్సిల్ మళ్లీ ఆరు వారాలు అడుగుతుంది. ఆ పైన స్వతంత్ర ఎగ్జామినర్ వచ్చి నచ్చనివి కొట్టేస్తాడు. కొత్త ఇళ్లు రావాలా వద్దా, ఎన్ని రావాలి అన్నది మాత్రం ఊరి చేతిలో లేదు. జిల్లా ప్లాన్ చెప్పిన లెక్క కంటే తగ్గించడానికి వీల్లేదు. సంబంధం ఖాయమైంది, మండపానికి అడ్వాన్సు కట్టేశారు, వంటవాళ్లు పొయ్యి వెలిగించారు. ఇప్పుడు ఊరందరినీ పిలిచి, అక్షింతలు వేయడం మీకు సమ్మతమేనా అని రహస్య బ్యాలెట్ పెట్టారు.

మా ఊరు ఆరేళ్లు తీసుకుంది. మధ్యలో కోవిడ్ వచ్చి 2021 మే దాకా దేశంలో ఎక్కడా ఈ రెఫరెండంలు జరక్కూడదన్నారు. మావాళ్లు ఆ నిషేధాన్ని లెక్కే చేయలేదు, ఎందుకంటే అప్పటికి వాళ్లింకా వ్యూ నంబర్ ఏడు దగ్గరే ఉన్నారు.

వ్యూ నంబర్ ఏడు గురించి వివరంగా చెప్పకపోతే నాకు అన్నం సహించదు. ఇలాంటి ప్లాన్లలో ‘కాపాడుకోవాల్సిన దృశ్యాలు’ అని ఒక అధ్యాయం ఉండడం ఆనవాయితీ. ఊళ్లో ఎక్కడ నిలబడి ఎటు చూస్తే కళ్లు చల్లబడతాయో ఫోటోలు తీసి, మ్యాపు మీద బాణం గుర్తులు వేసి, నంబర్లిచ్చి పెడతారు. ఒకటి చర్చి గోపురం. రెండు వాగు మీది వంతెన. మూడు నుంచి ఆరు దాకా చెట్లు. ఏడోది, ఊరి అంచున పాత బెంచీ దగ్గర నిలబడితే కనిపించే ఒక పొలం. అందులో ఒక గుర్రం ఉండేది.

దాని మీద పెట్టిన మీటింగుకి నేను వెళ్లింది చలికి తట్టుకోలేక. ఇంట్లో హీటింగ్ చెడిపోయింది, విలేజ్ హాల్లో టీ, బిస్కెట్లు ఉంటాయని కరపత్రంలో రాశారు. వెళ్లేసరికి చర్చ మంచి పాకాన ఉంది. గుర్రం దృశ్యంలో భాగమా, కాదా? భాగమే అంటే, రేపు గుర్రం చస్తే ప్లాన్ సవరించాలా? ఒకావిడ గుర్రం ఆ చోటి ‘స్వభావానికి’ ప్రాణం అంది. ఒక రిటైర్డ్ ఇంజనీరు, గుర్రం తాత్కాలిక నిర్మాణం కిందికి వస్తుంది అన్నాడు. ఇంకొకాయన లేచి, అసలు ఆ బెంచీ మీద కూర్చుంటే పొలం కనపడదు, మధ్యలో కంచె మొక్కలు అడ్డం, నిలబడితేనే కనిపిస్తుంది అన్నాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. అయితే దృశ్యాన్ని ఎంత ఎత్తున్న మనిషి కంటితో కొలవాలి? నలభై నిమిషాలు. గడియారం చూసుకునే చెబుతున్నాను.

చివరికి వచ్చే ఆదివారం అందరూ వెళ్లి కళ్లారా చూసి రావాలని తీర్మానించారు. ఆదివారం పొగమంచు. పధ్నాలుగు మంది రబ్బరు బూట్లు వేసుకుని, గొడుగులు పట్టుకుని, బెంచీ చుట్టూ నిలబడి తెల్లటి గోడలాంటి మంచును అరగంట చూశారు. పొలం లేదు, గుర్రం లేదు, పక్కనున్న మనిషి ముక్కు కూడా సరిగ్గా లేదు. ప్లాన్ రాసే గ్రూప్ చైర్మన్ నోట్‌బుక్‌లో రాసుకుని పైకి చదివాడు: ‘ప్రతికూల వాతావరణంలోనూ ఈ దృశ్యానికి చెప్పుకోదగ్గ ప్రాధాన్యం ఉంది.’ ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఈ దేశంలో పదేళ్లుంటే అది వస్తుంది.

ఆ పొలం చైర్మన్ గారి వంటింటి కిటికీలోంచి కూడా కనిపిస్తుందన్న సంగతి ప్లాన్‌లో ఎక్కడా లేదు. చోటు చాలలేదేమో.

ప్లాన్ చివరికి నూటపాతిక పేజీలు తేలింది. కంచె ఎత్తు ఉంది. హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్లపందులు ఈ తోటలోంచి ఆ తోటలోకి దూరడానికి కంచె అడుగున కన్నం ఉంది. చెత్తడబ్బాలు వీధిలోకి కనపడకుండా పెట్టే పద్ధతి ఉంది. ఇళ్లు ఎక్కడ కట్టాలి అన్నది లేదు. ఏ స్థలం పేరెత్తినా దాని పక్కనున్నవాళ్లు భగ్గుమన్నారు కాబట్టి ‘స్థలాల కేటాయింపు ఈ ప్లాన్ పరిధిలోకి రాదు’ అని ఒక్క వాక్యం రాసి ఊపిరి పీల్చుకున్నారు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఓటు రోజు ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా అదే విలేజ్ హాల్లో పోలింగ్. బ్యాడ్మింటన్ గీతల మధ్య బల్ల వేసుకుని ఇద్దరు అధికారులు. ఇక్కడ ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు స్థానిక ఓటు ఉంటుంది కనక నాకూ ఉంది. ఫోటో గుర్తింపు చూపించాలి అంటే భారత పాస్‌పోర్టు తీశాను, అదీ చెల్లుతుంది. అధికారి మూడు సింహాలను చూసి, నా ఫోటో చూసి, నన్ను చూసి, జాబితాలో నా పేరు కింద స్కేలు పెట్టి గీత గీసింది. సిరా గుర్తు లేదు. చెక్క గదిలో దారం కట్టిన పెన్సిలు ఉంది. నా ముందు ఓటేసినాయన కుక్క ఆ పెన్సిలు దారాన్ని నమిలినట్టుంది, తడిగా ఉంది.

బయటికొచ్చి గుంటూరుకి ఫోన్ చేశాను.

“ఏ పార్టీకి వేశావురా?” అన్నారు నాన్న.

“పార్టీల్లేవు నాన్నా. ఊళ్లో ఇళ్లు ఎలా ఉండాలన్న ప్లాన్‌కి ఓటు.”

“అంటే నువ్వు వద్దంటే కట్టరా?”

“కడతారు.”

“కావాలంటే?”

“అప్పుడూ కడతారు.”

కాసేపు మాట్లాడలేదు ఆయన. “సరే, అన్నం తిన్నావా?” అన్నారు.

ఫలితం గొప్పగా వచ్చింది. అవును ఘనవిజయం. ప్లాన్ చట్టబద్ధమైపోయింది. ఇకనించి దరఖాస్తులన్నీ దాని ప్రకారమే తేల్చాలి, ‘ఇతర ముఖ్య కారణాలు వేరేలా సూచిస్తే తప్ప’. ఈ ‘తప్ప’ కూడా చట్టంలోదే, నా వెటకారం కాదు.

ఏడాది తిరక్కుండా ఒక బిల్డరు గుర్రం పొలంలో ఇళ్లకు దరఖాస్తు పెట్టాడు. కౌన్సిల్ కాదంది. బిల్డరు అప్పీలుకి వెళ్లాడు, ప్రభుత్వం తరఫున ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి కిందిమెట్టు మీద కూర్చుని ఊరి మాటకు ఊ అంటాడు, దేవుడే పైనుంచి మనిషిని పంపి కాదంటాడు. ఐదేళ్లకు సరిపడా ఇళ్ల స్థలాలు జిల్లా దగ్గర లేవని తేలింది. అలా లేనప్పుడు తక్కెడ అనుమతి వైపు ఒరుగుతుంది. నైబర్‌హుడ్ ప్లాన్ ఉన్న ఊళ్లకు ఐదేళ్లపాటు కొంత రక్షణ ఉంది కదా అన్నారు మావాళ్లు. ఉంది, మీ వాటా ఇళ్లకు మీరే స్థలాలు చూపించి ఉంటే, అన్నాడాయన. ఒక్క వాక్యం రాసి ఊపిరి పీల్చుకున్నారని చెప్పానే, అదిగో.

వ్యూ నంబర్ ఏడు మాత్రం వృథా పోలేదు. అనుమతి పత్రంలో దాని గురించి ఒక పేరా ఉంది. ‘పరిగణనలోకి తీసుకున్నాను’ అని.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. గుర్రం పొలం పోయిందని నాకేం ఏడుపు లేదు. ఇళ్లు కావాలి. నేనే అద్దె ఇంట్లో ఉన్నాను. నాకు ఒళ్లు మండేది వేరే చోట.

మా వీధిలో ముసలివాళ్లకు స్నానం చేయించి, మందులిచ్చి, భోజనం పెట్టి వెళ్లే కేరర్ ఒకమ్మాయి ఉంది. ఈ ఊళ్లోనే పుట్టింది, ఈ ఊరి బళ్లోనే చదివింది. ఇప్పుడు పద్నాలుగు మైళ్ల అవతల నుంచి బస్సులో వస్తుంది, ఎందుకంటే ఈ ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకోవాలన్నా ఆమె జీతం చాలదు. ఇక్కడ ఉండదు కనక ఇక్కడి ఓటరు జాబితాలో లేదు. కనక రెఫరెండంలో ఓటు లేదు. నిన్నగాక మొన్న సూట్‌కేసుతో ఈ ఊళ్లో దిగి, చలికి బిస్కెట్ల కోసం మీటింగుకెళ్లిన నాకుంది! ఇల్లు ఉన్నవాళ్లని పిలిచి, ఇల్లు లేనివాళ్ల కోసం ఇళ్లు ఎలా ఉండాలి అని అడగడం ఏం న్యాయం? ఆరేళ్లపాటు ముళ్లపందికి కన్నం ఎంత వెడల్పు ఉండాలని తర్కించారే, ఒక్క సాయంత్రం, ఒక్కటంటే ఒక్క సాయంత్రం, ఈ అమ్మాయిని పిలిచి నీకేం కావాలమ్మా అని అడిగారా? ముళ్లపందికున్న పేరా ఆమెకు లేదు.

బిల్డరు మొదట్లో పదిళ్లకు నాలుగు ‘అందుబాటు ధర’ ఇళ్లన్నాడు. అనుమతి వచ్చాక ఖర్చులు పెరిగాయి, లాభం గిట్టుబాటు కావడం లేదని లెక్కలు చూపించాడు. ఇప్పుడు పదికి ఒకటి. ఆ ఒక్కదానికైనా అందుబాటు అంటే ఏమిటి? 2011 నుంచి ఉన్న పద్ధతిలో, మార్కెట్ అద్దెలో ఎనభై శాతం దాకా వసూలు చేసినా దాన్ని అందుబాటు అద్దె అనే అంటారు. మార్కెట్ ఆకాశంలో ఉంటే, అందులో ఎనభై శాతం ఎక్కడుంటుంది? సిగ్గులేని మాట అది. దానికంటే దోపిడీ అని రాసుకుంటే కనీసం స్పెల్లింగైనా నిజాయితీగా ఉండేది.

జనానికి నిజంగా పట్టే ప్రశ్న పెడితే ఓటు మరోలా మాట్లాడుతుంది. 2016లో కార్న్‌వాల్‌లోని సెంట్ ఐవ్స్ ఊరు, కొత్తగా కట్టే ఇళ్లు రెండో కొంపలుగా కొనేవాళ్లకు అమ్మకూడదు, ఏడాదంతా ఉండేవాళ్లకే అని ప్లాన్‌లో రాసి, ఓటేసినవాళ్లలో ఎనభై మూడు శాతం మందితో అవుననిపించుకుంది. కోర్టుకెక్కినా నిలబడింది. దానివల్ల మంచి జరిగిందా లేదా అని పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు, కొట్టుకోనివ్వండి. వాళ్లు కనీసం మనుషుల గురించి ఓటేశారు.

మాకూ లాభం లేకపోలేదు. ప్లాన్ ఉన్న ఊరికి బిల్డర్లు కట్టే లెవీలో పదిహేను బదులు ఇరవై ఐదు శాతం వాటా వస్తుంది. ఆ డబ్బుతో పాత బెంచీ తీసేసి కొత్త బెంచీ వేస్తారట. దానిమీద నిలబడితే రేపు ఎవరిదో బాత్‌రూమ్ కిటికీ కనిపిస్తుంది.

మొన్న చైర్మన్ గారు మా తలుపు కొట్టారు. ప్లాన్ పాతబడకముందే సమీక్షించాలట. ఈసారి స్థలాలు కూడా చూపిస్తారట. ప్లాన్లు రాసుకునే ఊళ్లకు ఇచ్చే సాయాన్ని ప్రభుత్వం 2025లో ఆపేసింది కనక వాలంటీర్లు కావాలి. “మీలాంటివాళ్లు సాయపడితే బావుంటుంది” అన్నారు. కేరర్ అమ్మాయిని కూడా గ్రూపులోకి తీసుకుంటే వస్తానన్నాను.

“మంచి పిల్లే. కానీ ఈ ఊరి మనిషి కాదు కదా” అన్నారు.

“ఈ ఊళ్లోనే పుట్టిందండీ.”

“అవుననుకోండి” అని ఆయన వాచీ చూసుకున్నారు. తొమ్మిదిన్నర దాటింది. ఆ అమ్మాయి బస్సు ఇంకా రాలేదని, ఇంట్లో తమ అమ్మగారు స్నానం కోసం కూర్చుని ఉన్నారని చెప్పి, కంగారుగా వెళ్లిపోయారు.