మహారాజశ్రీ కారు సర్వీసు బిల్లు గారి సముఖమునకు

తిరుపతి నుంచి ఒక చిన్న పెట్రోలు కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఉభయకుశలం అనేది అలవాటు కొద్దీ రాసిన మాట. తమరు మాత్రం 9,412 రూపాయలతో దృఢంగానే ఉన్నారు. శనివారం సాయంత్రం నుంచి చిక్కిపోయినవాణ్ని నేనే. ఉదయం కారు అప్పగించినప్పుడు తమరి తమ్ముడు ఎస్టిమేట్ గారు ఆరు వేల లోపే అని చెప్పి నా సంతకం తీసుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకు కారు చేతికి వస్తుందని కూడా ఆయనే సెలవిచ్చారు. దీపాలు పెట్టే వేళకు కారు వచ్చింది, దాని వెనకే తమరూ దయచేశారు. అన్నదమ్ములు కదా, ఏదో ఒక పోలిక ఉండకపోతుందా అని వెతికాను. కారు నంబరు తప్ప ఏదీ కలవలేదు.

తమరిని చదవకుండా తిట్టే రకాన్ని కాను. మూడు పేజీలూ కళ్లజోడు పెట్టుకుని చదివాను. చాలా భాగం అర్థమైంది కూడా. ఇంజిన్ ఆయిల్ మూడున్నర లీటర్లు వేశామన్నారు. సరే, ఆ ఇంజిన్ తాగేది అంతే. ఆయిల్ ఫిల్టరు, ఆయిల్ దింపే బిరడా కింద ఉండే డ్రెయిన్ ప్లగ్ వాషరు కూడా ఆయిల్‌తో పాటు మార్చాల్సినవే. ప్రతి వస్తువు పక్కన కేంద్రానికి సీజీఎస్టీ 9 శాతం, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ 9 శాతం విడివిడిగా ఉన్నాయి. అట్టపెట్టె మీద అచ్చు వేసిన ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. తమరు దాన్ని విడదీసి చూపిస్తారు కాబట్టి, వరుసలు చదువుతున్నంతసేపు ఫర్వాలేదే అనిపిస్తుంది. పేజీ చివర రెండూ మళ్లీ కలుస్తాయి. పన్ను విడిగా చూపించమన్నది చట్టమే కనుక దానికీ తమరిని అనను. అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా విడిభాగాల మీద 28 శాతం పన్ను 18కి దిగిందని పేపర్లో చదివి, తమరు కూడా ఒక మెట్టు దిగుతారని ఆశపడ్డాను. పన్ను దిగింది. తమరు దిగలేదు.

లేబర్ 1,850 రూపాయలు. ఒక్కో పనికి ఇంత సమయమని కంపెనీ ముందే ఖరారు చేసి ఉంచుతుందట. మెకానిక్కు అరగంటలో ముగించినా, మధ్యలో టీకి వెళ్లి వచ్చినా, కారు రోజంతా చెట్టు కింద ఎండుటాకులు ఏరుకుంటూ నిలబడినా లేబర్ మారదు. ఆ చెట్టు కింద నిలిపినందుకు అద్దె వేయలేదు, అంతవరకు ధన్యుణ్ని.

నన్ను పట్టుకుని వదలనిది రెండో పేజీలో ఏడో వరుస. అక్కడ ఇలా ఉంది: కన్స్యూమబుల్స్, సంఖ్య 1, ధర 485.00.

ఒకటి అంటే ఏమిటి మహాప్రభో? ఒక లీటరా, ఒక కిలోనా, ఒక గజమా?

సర్వీసు అడ్వైజరును అడిగాను. మర్యాదస్తుడైన కుర్రవాడు. "వర్క్‌షాపులో వాడే చిన్న చిన్న వస్తువులు సార్" అన్నాడు. ఏవేవి బాబూ అన్నాను. "తుడిచే గుడ్డ, గ్రీజు, బ్రేకుల దగ్గర కొట్టే స్ప్రే, అలాంటివి సార్." ఎంత గుడ్డ, ఎంత గ్రీజు అని అడిగాను. నవ్వాడు. "అది మేము వేయము సార్, సిస్టమ్ వేస్తుంది."

గ్రీజు కూడా సిస్టమే రాసిందా అని అడగబోయి ఆగాను. నా వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు, వాళ్ల చేతుల్లోనూ తమరి బంధువులే.

ఇంటికి వచ్చి లెక్క వేశాను. 485 మీద 18 శాతం అంటే 87 రూపాయల 30 పైసలు. వెరసి 572 రూపాయల 30 పైసలు. కొండ మీద చిన్న లడ్డూ 50 రూపాయలు. పదకొండు లడ్లు వచ్చి, సంచికి కూడా చిల్లర మిగిలేది. పైగా ఆ లడ్డూకు దిట్టం అని ఒక లెక్క ఉంది. శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, చక్కెర ఎంత, జీడిపప్పు, కిస్‌మిస్, యాలకులు ఎంతెంత అన్నది రాసి పెట్టుకుని మరీ చేస్తారు. వైకుంఠం నుంచి దిగి వచ్చిన స్వామి ప్రసాదానికే పదార్థాల పట్టిక ఉన్నప్పుడు, రేణిగుంట రోడ్డులో నా కారు తుడిచిన గుడ్డకు ఎందుకు ఉండకూడదు? ఎవరు రాశారు దీని దిట్టం? ఆ కాగితం ఏ బీరువాలో ఉంది?

నా పాత ఫైలు కూడా తీశాను. మొదటి మూడు సర్వీసులు ఉచితం అన్నారు కదా, అంటే లేబర్ ఒక్కటే ఉచితం, ఆయిలుకూ ఫిల్టరుకూ అప్పుడూ మనమే కట్టాలి. ఆ రోజుల్లో కూడా ఈ వరుస ఉంది, 220 రూపాయలతో అణకువగా. ఇప్పుడు 485. కారు అప్పటిదే. దానికి కొత్తగా తలుపులు మొలవలేదు, చక్రాలు ఐదు కాలేదు. అదే కారును తుడవడానికి ఇప్పుడు రెట్టింపు గుడ్డ పడుతున్నదా, లేక గుడ్డకే ఉద్యోగంలో లాగా ఇంక్రిమెంట్లు వస్తున్నాయా?

మా ఆవిడ ఒకసారి బిల్లు వైపు, ఒకసారి నా వైపు చూసి, "గుడ్డ కోసం 1915కు ఫోను చేస్తారా ఏమిటి?" అంది. వినియోగదారుల హెల్ప్‌లైను ఉన్నది గుడ్డ కోసం కూడానే అన్నాను. చేయలేదు గానీ, చేయాలనే కోరిక ఇంకా చావలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం వర్క్‌షాపు నుంచి వచ్చిన ఫోను సంగతి కూడా తమరి చెవిన వేయాలి. "సార్, ఫ్యూయల్ ఇంజెక్టర్ క్లీనింగ్ చేయమంటారా? థ్రాటిల్ బాడీ క్లీనింగు? ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్? మీరు తిరుపతి వాళ్లు, ఘాట్ ఎక్కి దిగుతుంటారు కదా సార్." ఈ ఊళ్లో కార్లు అమ్మేవారికీ బాగు చేసేవారికీ ఘాట్ రోడ్డు పెద్ద ఆసరా. ఏది అంటగట్టాలన్నా ఏడుకొండలూ అడ్డం పెడతారు. అయ్యా, తిరుపతిలో ఉండేవాళ్లం కొండకు వెళ్లేది ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు. చుట్టాలు రాని నెలల్లో నా కారు ఎక్కే ఎత్తు రైల్వే గేటు దగ్గరి ఫ్లైఓవరే. కొండ దిగేటప్పుడు కూడా రెండో గేరులో దిగితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుందని మా నాన్న నేర్పాడు. బ్రేకు ప్యాడ్లు అరిగాయంటారా, ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో కొలిచి చెప్పండి, మారుద్దాం. ఘాట్ అని గుండెల్లో గుబులు పెట్టి ఏసీ ఎందుకు కడుగుతారు? ఏసీకి, హెయిర్‌పిన్ వంపుకు ఏమి చుట్టరికం?

ఫోనులో మూడింటికీ వద్దన్నాను. రెండు ఆగాయి. ఏసీది మాత్రం 950 రూపాయలతో తమరిలో ప్రత్యక్షమైంది. అడ్వైజరును అడిగితే, "అది అప్పటికే చేసేశారు సార్" అన్నాడు. మరి అడగడానికి ఫోను చేసింది ఎందుకు?

కారుతో పాటు ఇచ్చిన పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, ఎవరూ చదవరన్న ధైర్యంతో వెనక పేజీల్లో ఒక పట్టిక వేశారు. ఏ కిలోమీటరుకు ఏది చూడాలి, ఏది మార్చాలి అని గళ్లు గీసి ఉంటుంది. ఐ అని ఉంటే చూడడం, ఆర్ అని ఉంటే మార్చడం. నా కారుకు ఇంజిన్ ఆయిలూ దాని ఫిల్టరూ 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. ఎయిర్ ఫిల్టరు మార్చేది 40,000 దగ్గర, బ్రేకు ఆయిల్ రెండేళ్లకు. ఆ గళ్లలో థ్రాటిల్‌కు స్నానాలు లేవు, ఏసీకి శుద్ధి లేదు, కింది భాగానికి తుప్పు పట్టని పూత లేదు, డాష్‌బోర్డుకు తైలమర్దనం లేదు. కారును తయారు చేసిన కంపెనీ రాసిన పుస్తకమది. దాన్ని అమ్మిన షోరూము మాత్రం ఆ పుస్తకాన్ని ఎన్నడూ చూడనట్టే మాట్లాడుతుంది.

తెలియక కాదని నాకు తెలుసు. కొత్త కారు అమ్మితే డీలరుకు మిగిలేది తక్కువ. దీపం వెలిగేది వర్క్‌షాపులో, విడిభాగాల కౌంటరులో. ఆ కుర్రవాడికి నెలకు ఇన్ని క్లీనింగులు, ఇన్ని పూతలు అని టార్గెట్ ఉంటుంది. ఇంజనీరింగ్ చదివి, మెడలో టై కట్టుకుని, ఎండలో కార్ల మధ్య తిరుగుతూ ముక్కూ మొహం తెలియనివాళ్లకు తుప్పు భయం చెప్పే ఉద్యోగం అది. అతని మీద నాకు కోపం లేదు. నా కోపం తమరి మీదే.

బయట చేయించుకోవచ్చు కదా అంటారా? అంటే వెంటనే వారంటీ పోతుందని బెదిరిస్తారు. 2014 ఆగస్టు 25న, వ్యాపారంలో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. అసలైన విడిభాగాలు, లోపాలు పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశారన్నది అభియోగం. బయట బాగు చేయించుకుంటే వారంటీ రద్దని గంపగుత్తగా షరతు పెట్టవద్దని, విడిభాగాల ధరలూ నిర్వహణ ఖర్చులూ అందరికీ తెలిసేలా బహిరంగంగా ఉంచమని కూడా అదే ఉత్తర్వులో చెప్పింది. తర్వాత కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. అంత పెద్ద ఉత్తర్వు వచ్చినా నా ఏడో వరుసకు మోక్షం రాలేదు. వేల కోట్ల వ్యవహారంలో గుడ్డ పీలిక ఎవరికి గుర్తుంటుంది?

మా ఊళ్లో లీలామహల్ కూడలి అవతల నాకు తెలిసిన మెకానిక్కు ఒకడున్నాడు. అతనూ హరిశ్చంద్రుడేమీ కాదు. సాయంత్రం ఇస్తానంటాడు, ఏ సాయంత్రమో చెప్పడు. బిల్లు అడిగితే సిగరెట్ అట్ట మీద రాసి ఇస్తాడు. కానీ ఆయిల్ డబ్బా సీలు నా కళ్ల ముందే తీస్తాడు. పాత ఫిల్టరు నా చేతిలో పెట్టి, "చూడండి అన్నా, ఎంత నల్లగా ఉందో" అంటాడు. తుడిచే గుడ్డ అతని భుజం మీదే ఉంటుంది. కొన్నేళ్లుగా అదే గుడ్డ. దానికి ఇంతవరకు నన్ను ఒక్క రూపాయి అడగలేదు.

మరి నీకేమి రోగం?

అవును, నిన్నే. ఇందాకటి నుంచి తమరు తమరు అంటుంటే నోరు నొప్పి పుడుతోంది. మూడు పేజీలు, కింద ముద్ర, పక్కన బార్‌కోడు, ఇంత హంగు ఉండి ఒక్క వరుసకు అర్థం చెప్పలేవా? ఆయిలుకు లీటరు లెక్క చెప్పావు, వాషరుకు సంఖ్య చెప్పావు, దానికి పార్టు నంబరు కూడా వేశావు. పాతిక రూపాయల వాషరుకు పార్టు నంబరు ఉంది, ఐదు వందల గుడ్డకు లేదు! చెప్పలేని దాన్ని అడగకు. అడిగితే చెప్పు. నేను కట్టనని అనలేదు. కారు ఆరోగ్యానికి ఎంతైనా కడతాను. దేనికి కడుతున్నానో తెలియాలన్నానంతే. అంత మాత్రానికి నన్ను పిసినారిని చూసినట్టు చూస్తావా?

వచ్చేసారి గుడ్డ నేనే తెస్తాను. మా ఇంట్లో పాత పంచెలు రెండున్నాయి, ఉతికి ఇస్తరీ చేసి తెస్తాను. అర కిలో గ్రీజు డబ్బా, స్ప్రే డబ్బా కూడా కొనుక్కొస్తాను, వాటికి బిల్లుతో సహా. కారుతో పాటు వాటినీ అప్పగించి, పనుల చీటీ అయిన జాబ్‌కార్డులో రాయించి, మిగిలినవి సాయంత్రం తూకం వేసి తీసుకుంటాను. అప్పుడు ఏడో వరుసలో ఏమి పెడతావో చూస్తాను.

ఇట్లు,
తమరి, అంటే నీ,
వాహన యజమాని, తిరుపతి.

తా.క.: సోమవారం షోరూము నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, మా సర్వీసుకు పదికి ఎంత వేస్తారు సార్ అని అడిగింది. కన్స్యూమబుల్స్ అంటే ఏమేమి వాడారో చెబితే అంకె చెబుతానన్నాను. కనుక్కుని చెబుతానంది. ఐదు నిమిషాలకు ఫోనుకు మెసేజి వచ్చింది: పదికి పది వేసినందుకు ధన్యవాదాలు. అది కూడా సిస్టమే వేసి ఉంటుంది.