బాసింపట్టు గారికి బహిరంగ లేఖ

విజయనగరం,
మా వీధి అరుగు.

మహారాజశ్రీ బాసింపట్టు గారికి,

ఉభయకుశలోపరి. మా ఇంట్లో మావయ్య గారి మోకాళ్ళ దగ్గర తమరు క్షేమంగానే ఉన్నారు. మా తొమ్మిదేళ్ళ అబ్బాయి మాత్రం పోయిన ఏడాది తమరితో పాటు బడిని కూడా వదిలేశాడు. వదిలేశాడనడం మర్యాద కోసం. "మీవాడు కుదురుగా కూర్చోడు, పక్కవాణ్ణి కూర్చోనివ్వడు" అని నాలుగుసార్లు పిలిపించి చెప్పిన తరువాత, ఆ మాటలో చెప్పని సగాన్ని మేమే అర్థం చేసుకుని వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం.

డాక్టరు గారు దీనికి ఏడీహెచ్‌డీ అని పేరు చెప్పారు, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన ప్రమాణాలలో ఇందుకు తొమ్మిదేసి లక్షణాల జాబితాలు రెండున్నాయి. పిల్లల్లోనైతే ఏదో ఒక జాబితాలో కనీసం ఆరు, ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలట, వాటిలో కొన్నయినా ఇల్లూ బడీ వంటి రెండు చోట్ల కనిపించాలట. కూర్చోవలసిన చోట లేచిపోవడం వాటిలో ఒకటి. చూశారా, తమరి పరువు ఖండాంతరాల దాకా పాకింది! అయితే మరో లక్షణం కూడా చదువుకోండి: ఎదురుగా మాట్లాడుతున్నా విననట్టు కనిపించడం. రాసినవారు "విననట్టు కనిపించడం" అన్నారే గానీ "వినకపోవడం" అనలేదు. ఆ కాస్త తేడా తమరికి ఇన్నేళ్ళుగా పట్టలేదు.

సాయంత్రం దీపాలు పెట్టాక నేను వాడికి కథ పైకి చదువుతాను. ఆ సమయంలో వాడు కిటికీ ఊచలకు వేలాడుతూనో, నులకమంచం పట్టె మీద తాడు మీద గారడీవాడిలా నడుస్తూనో ఉంటాడు. పక్కింటి పిన్ని గారు మొన్న గుమ్మంలోంచి తొంగిచూసి, "గుంటడు గెంతులేత్తంటే నువ్వెవులికి సదువుతన్నావమ్మా, గోడకా?" అని జాలిపడ్డారు. అదే రోజు వంటకు ఆలస్యమవుతోందని, వాడు అంతకుముందు ఒకసారి విన్నదే కదా అని, నక్క బావిలో పడిన కథలో అయిదారు వాక్యాలు గుటుక్కున మింగేశాను. కిటికీ మీద తలకిందులుగా ఉన్న శాల్తీ వెంటనే అడిగింది: "అమ్మా, మేక గడ్డం ముక్క ఎగ్గొట్టీసావేటి?" తమరిని నిష్ఠగా వేసుకుని, చేతులు కట్టుకుని, బెల్లం కొట్టిన రాయిలా ఎదురుగా కూర్చున్న మావయ్య గారిని, "నక్క పైకెలా వచ్చిందండీ?" అని అడిగాను. "ఏ నక్క?" అన్నారు.

పైగా తమరు ఈ ఊళ్ళో పెత్తనం చేయడం నాకు మరీ విడ్డూరంగా ఉంటుంది. ఇక్కడి సంగీత కళాశాలకు 1919లో మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి, నిలబడి ఆడుతూ కథ చెప్పిన మనిషి ఆయన. చేతులతో, కాళ్ళతో ఒకేసారి వేర్వేరు తాళాలు వేసేవారని ప్రసిద్ధి. నాలుగు అవయవాలూ నాలుగు దారుల్లో పోయినాయనను ప్రిన్సిపాలుని చేసిన ఊళ్ళో, ఒక్క కాలు ఊపినందుకు మావాణ్ణి ఇంటికి పంపించారు. మన తప్పెటగుళ్ళవాళ్ళు గుండె మీద రేకులు మోగిస్తూ గెంతుతూనే కథంతా చెబుతారు. వాళ్ళను కూర్చోబెట్టి చెప్పమనే ధైర్యం తమరికుందా?

అసలు మన కథలకు తమరెప్పుడూ షరతు కాదు. చెప్పేవారికి ఊ కొట్టేవాడు ఉంటే చాలు. మా ఇంట్లో ఇప్పుడు అదే చట్టం. వాడు మంచం కింద ఉన్నా, మెట్ల చివర ఉన్నా, పేరా పేరాకీ "ఊ" రావాలి. రాకపోతే నేను ఆగిపోతాను, అంతే, తిట్టను, పిలవను. ఎక్కువసార్లు నా మౌనానికి వాడే ఉలిక్కిపడి, "ఊ అన్నానుగా!" అని దబాయిస్తాడు. చేతిలో గుప్పెడు చింతపిక్కలు పోస్తే ఆ రోజు నాలుగు పేజీలు సాగుతాయి.

అన్ని రోజులూ ఇంత ముచ్చటగా ఉంటాయని తమరిని ఏడిపించను. "ఊ" అసలు రాని సాయంత్రాలున్నాయి. చింతపిక్కలు నా కళ్ళద్దాలకు తగిలిన సాయంత్రం ఒకటుంది. ఆ రాత్రి నేను కూడా, "కదలకుండా కూర్చోరా!" అని తమరి భాషలోనే అరిచాను. వాడు కూర్చున్నాడు. పది నిమిషాలు చదివాను. ఏం విన్నావని అడిగితే ఒక్క ముక్క రాలేదు. కూర్చోవడానికే ఉన్న ఓపికంతా అయిపోయిందట.

వాడికి పద్నాలుగేళ్ళు వచ్చాక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి రాయించాలని అనుకుంటున్నాం. పరీక్ష హాల్లో తమరి తమ్ముడు కుర్చీ గారితో ఎలాగూ బేరం తప్పదు. దానికి ఇంకా అయిదేళ్ళుంది. అప్పటిదాకా మా అరుగు జోలికి రాకండి.

కరెంటు పోయింది. మావయ్య గారు తమరితోనే ఉన్నారు, గురక వినిపిస్తోంది. నేను పుస్తకం మూసి తరువాతి ముక్క నోటితోనే మొదలుపెట్టాను. స్తంభం వెనక నుంచి "ఊ" వచ్చింది.

ఇట్లు,
తమరి పొత్తు వదులుకున్న ఒక తల్లి