ప్రయాణంలో ఉత్సాహంగా ఉండుట ఎట్లు: ఒక మెడికల్ రెప్ వాంగ్మూలం

కిందటి నెల మా హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఉద్యోగం కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళు ఆరోగ్యంగా, ఉత్సాహంగా ఉండాలంటే పాటించాల్సిన ఏడు సూచనలు. పైన బొమ్మలో తెల్లబూట్లాయన ఒకడు హోటల్ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద నవ్వుతూ పరిగెడుతున్నాడు. నేను శ్రీకాకుళంలో ఉంటూ పదిహేనేళ్ళుగా మందుల బ్యాగు మోస్తున్నాను, పరిగెడుతూ నవ్వేవాణ్ణి ఇంతవరకూ చూడలేదు (బస్సు వెనకాల పరిగెత్తేవాళ్ళనైతే రోజూ చూస్తాను, వాళ్ళు నవ్వరు). అయినా కంపెనీ ఉప్పు తింటున్నవాణ్ణి, అదీ రోజుకి 5 గ్రాములు దాటకూడదని నాలుగో సూచన, కాబట్టి అన్నీ తు.చ. తప్పకుండా పాటిద్దామని నిర్ణయించుకున్నాను.

మొదటిది నీళ్ళు. రోజుకి మూడు లీటర్లు తాగాలట. సోమవారం పొద్దున్నే శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి, నరసన్నపేట వచ్చేసరికి లీటరు బాటిల్ ఖాళీ చేశాను. మనిషి మూత్రాశయం నాలుగైదు వందల మిల్లీలీటర్లకే చాలు బాబోయ్ అంటుందన్న సంగతి నాకు తెలియనిది కాదు, ఆ బొమ్మలు చూపించే కదా మందులమ్ముతున్నాను. కోటబొమ్మాళి దాటాక నాకు చెమటలు పట్టడం మొదలైంది. పక్కసీటు ముసలమ్మ చూసి "ఏటి బావూ, గుండెల్లో నొప్పేటి?" అంది. కాదని తలూపాను. ఆవిడ నమ్మలేదు. లేచి నిలబడి "కండట్రు బాబూ, ఈ బావుకేటో అయిపోతంది, బస్సాపండి!" అని కేకేసింది. బస్సంతా నావైపు తిరిగింది. ఏటయిపోతోందో అంతమంది ముందు ఎలా చెప్పను? ఏం లేదు, ఏం లేదంటూ టెక్కలి దాకా పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఉత్సాహం సంగతి చెప్పలేను గానీ, బస్సు దిగాక నేను నడిచిన వేగం చూస్తే ఆ ట్రెడ్‌మిల్లాయన సిగ్గుపడాలి.

నాదేముంది, మగవాణ్ణి, ఏ చెట్టో పుట్టో దొరుకుతుంది. విజయనగరం నుంచి బొబ్బిలి, సాలూరు లైను చేసే మా సహోద్యోగి ఒకావిడ పొద్దున్న ఇంట్లో టీ తాగి బయల్దేరితే మళ్ళీ సాయంత్రం ఇల్లు చేరాకే మంచినీళ్ళు ముట్టుకుంటుంది. "దారిలో శుభ్రంగా ఉన్న బాత్రూమ్ ఒక్కటి చూపించండి సార్, మూడు కాదు ఆరు లీటర్లు తాగుతాను" అని మీటింగ్‌లో అడిగితే అందరూ పెద్ద జోకు విన్నట్టు నవ్వారు. ఏడాదిలో రెండుసార్లు యూరిన్ ఇన్‌ఫెక్షన్. రెండోసారి డాక్టరుగారు రాసిన సిరప్ మా కంపెనీదే. ఆ నెల ఆవిడ టార్గెట్‌లో ఒక సీసా కలిసొచ్చింది.

నా లైన్లో టెక్కలి దాటి ఇంకా పైకెళ్తే ఉద్దానం. కవిటి, సోంపేట వైపు ఇంటింటికీ కిడ్నీ జబ్బు కథే, ఎందుకొస్తోందో ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, దాంతోపాటు పరిశోధన కేంద్రం కూడా తెరిచారు. అక్కడ టీకొట్టు దగ్గర నిలబడి "నీళ్ళు బాగా తాగాలండీ" అని ఈ మెయిల్ చదివే ధైర్యం నాకు లేదు. ఏ నీళ్ళు బాబూ అని అడుగుతారు.

మూడో సూచన సలాడ్, గుప్పెడు నట్స్. పలాసలో భోజనం హోటల్లో సలాడ్ ఉందా అని అడిగాను. సర్వర్ కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి, ప్లేట్లో మూడు ఉల్లిపాయ ముక్కలూ ఒక నిమ్మచెక్కా తెచ్చి పెట్టి, వంట్లో బాగాలేదా సార్ అన్నాడు. నట్స్ మాటకొస్తే, పలాస అంటేనే జీడిపప్పు, గుప్పెడేం ఖర్మ, బస్తాలు బస్తాలు ఉంటాయి. మెయిల్ తినమంటోంది. కంపెనీ రోజు ఖర్చులకిచ్చే బత్తా వద్దంటోంది.

ఈ బత్తా సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే నా ఆరోగ్యశాస్త్రమంతా అందులోనే ఉంది. మా లెక్కలో ఊళ్ళు మూడు రకాలు: హెడ్‌క్వార్టర్, ఎక్స్‌స్టేషన్, అవుట్‌స్టేషన్. ఎక్స్‌స్టేషన్ అంటే పొద్దున్న వెళ్ళి రాత్రికి ఇంటికొచ్చేయాలి, అవుట్‌స్టేషన్ అయితే అక్కడే పడుకోవచ్చు, లాడ్జి డబ్బులిస్తారు. శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లు దాటి, ఒడిశాని ఆనుకుని ఉండే ఇచ్ఛాపురం మా కంపెనీ వారి భూగోళంలో ఎక్స్‌స్టేషన్. డాక్టర్లు ఓపీ అయ్యాక గానీ మమ్మల్ని లోపలికి రానివ్వరు, తప్పులేదు, పేషెంట్లు ముందు. నేను ఇల్లు చేరేసరికి పదకొండు దాటుతుంది. ఆ రోజు రిపోర్టు పన్నెండులోపు యాప్‌లో పెట్టాలి. మళ్ళీ ఐదింటికి లేవాలి. ఏడు గంటల నిద్ర తప్పనిసరి అన్నది ఐదో సూచన. యాప్‌లో రిపోర్టు పెట్టమని గుర్తుచేసే అలారం కూడా ఆ మెయిల్ పంపినవాళ్ళదే.

వ్యాయామం గురించి చెప్పడానికేం లేదు. క్లినిక్ బయట గంటన్నర నిలబడటం, బ్యాగుతో మేడ మెట్లెక్కడం, దిగడం.

నిజంగా పనిచేసింది ఏదైనా ఉందంటే మా అమ్మ సీసాలో పోసిచ్చే చోడి అంబలి, అదే రాగి అంబలి. మజ్జిగ, ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు. పదకొండింటికి తాగితే రెండింటిదాకా ఆకలి లేదు, టీ మీద ధ్యాస లేదు, బిల్లూ లేదు. బిల్లు లేదు కాబట్టి మెయిల్‌లోనూ లేదు.

పోయిన వారం మా మేనేజర్‌గారు విశాఖ నుంచి జాయింట్ వర్క్‌కి, అంటే ఒకరోజు నాతోపాటు డాక్టర్ల దగ్గరికి తిరగడానికి, వచ్చారు. మెయిల్ మాకు ఫార్వర్డ్ చేసింది ఆయనే. రోజంతా నా కళ్ళముందే ఆదర్శంగా నీళ్ళు తాగారు, టెక్కలిలో తిరుగు బస్సెక్కేముందు ఇంకో లీటరు. నేను అంబలి ఇవ్వబోతే, "హైడ్రేషన్ ముఖ్యమోయ్" అన్నారు. నరసన్నపేట దాటేసరికి మాటలు తగ్గాయి. మడపం టోల్‌గేట్ దగ్గర బండ్ల వరుస. ఆ పక్కనే వంశధార, వానలకి గట్టు నుంచి గట్టు దాకా గలగలా పారుతోంది. ఆయన కిటికీలోంచి ఆ నీళ్ళవైపు ఒకసారి చూసి, చటుక్కున మొహం తిప్పుకుని, "ఇక్కడెక్కడైనా ఆపుతాడా?" అన్నారు నెమ్మదిగా.

కాంప్లెక్స్‌లోనే సార్, ఇంకో అరగంట అన్నాను. ఏడో సూచన గుర్తుచేశాను: కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చి, మెల్లగా వదలాలి సార్.