సవరణ: పాత రికార్డులకు కొబ్బరి పీచు చాలన్నాను, చాలదు

పాత గ్రామఫోన్ రికార్డులు పార్సిల్ చేయడానికి మన కోనసీమలో ఏమీ కొనక్కర్లేదు, కొబ్బరి పీచూ ఎండుగడ్డీ కూరేస్తే చాలని మొన్న రాశాను కదా, అది తప్పు. అమలాపురం నుంచి హైదరాబాదులో మా బావకి పంపిన ఆరింట్లో రెండు ముక్కలైపోయాయి. కొరియర్ వాళ్లని తిట్టుకున్నాను గానీ, బావ పంపిన ఫొటో చూస్తే తప్పు నాదే: పీచంతా దారిలో ఒక మూలకి అణిగిపోయి, రికార్డులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. పైగా ఈ వానల్లో గడ్డి పైకి ఎండినట్టే ఉన్నా లోపల చెమ్మ పోదు, కాగితం కవర్లకి బూజు పట్టేసింది.

ఇంకోటి, 78 స్పీడువీ (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డులు) ఎల్పీలూ (తర్వాత వచ్చిన, ఎక్కువసేపు పాడే రికార్డులు) ఒకటే అన్నట్టు రాశాను. ఎల్పీ వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసింది, కాస్త వంగుతుంది. 78వి ఎక్కువగా లక్క కలిపి చేసినవి, పెంకులా పుటుక్కుమంటాయి.

10 అంగుళాల రికార్డుకి 12 అంగుళాల గట్టి అట్టముక్కలు రెండు తీసుకోండి. అట్టలోని గీతలు ఒకదానికి నిలువుగా, ఇంకోదానికి అడ్డంగా ఉండాలి, అప్పుడే వంగదు. మధ్యలో కవరుతో సహా రికార్డు పెట్టి, టేపు అట్టకే వేయండి. దాన్ని బబుల్ షీటుతో చుట్టి చిన్న పెట్టెలో, ఆ పెట్టెని చుట్టూ రెండంగుళాల ఖాళీ ఉండే పెద్ద పెట్టెలో పెట్టి, ఖాళీలో నలిపిన పేపరు గట్టిగా కూరండి. ఊపితే చప్పుడు రాకూడదు. బబుల్ షీటు మాత్రం నేరుగా రికార్డుకి తగలనివ్వకండి, వేడికి వినైల్ మీద బుడగల అచ్చులు పడతాయి.

నా మాట విని పీచుతో కట్టేసినవాళ్లుంటే, దయచేసి విప్పి మళ్లీ కట్టండి.